అడిగి కొన్న ఆంప్లిఫయర్

మా ఆయన పోయిన ఏడో నెలలో ఆంప్లిఫయర్ కూడా పోయింది. వానల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. హాలంతా కాలిన వాసన. మరమ్మతు మనిషి మూత తీసి చూశాడు. ఇది ఎవరో చేత్తో కట్టుకున్నదనీ, లోపల ఏది ఎందుకుందో తనకి అంతుపట్టడం లేదనీ చెప్పి మూత మళ్ళీ బిగించాడు. కట్టింది మా ఆయనే. కాగితం మీద ఒక్క గీత కూడా గీసి పెట్టలేదు. "నువ్వు దాన్ని ముట్టుకోవద్దు, నేను చూసుకుంటాను కదా" అనేవాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

స్పీకర్లు రెండూ బాగానే ఉన్నాయి. మద్రాసు మాధవరంలోని మా ఇంటి హాల్లో, కిటికీకి చెరోవైపు, ఆయన చేయించిన చెక్క స్టాండ్ల మీద నిలబడి ఉన్నాయి. మూడు నెలలు వాటి మీద దుమ్ము తుడిచాను, అంతే.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా మా మరిది వచ్చి హాలు కొలిచినట్టు చూశాడు.

"యాభై మంది కూర్చోవాల వదినా. ఈ మూగ డబ్బాలు ఈడ ఎందుకు? నా ఫ్రెండు ఒకడు కావాలంటా ఉండాడు, ఇచ్చేద్దాం."

"పాడితే?"

"పాడితే ఉండనీ. లేదంటే ఆదివారం ఆటో తెస్తా. అన్న ఉంటే అన్న కూడా ఇదే చెప్పుంటాడు."

పోయినవాళ్ళ తరఫున మాట్లాడే ధైర్యం అందరికీ ఎలా వస్తుందో నాకు తెలియదు. ఆదివారానికి ఐదు రోజులున్నాయి.

ఆంప్లిఫయర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. నాకు చదవడం అలవాటే, ఉద్యోగం గ్రంథాలయంలో. కానీ ఆ సమీక్షలు చదువుతుంటే ఒళ్ళు మండింది. ఒకడికి శబ్దం వెచ్చగా ఉందట. ఇంకొకడికి పట్టులా ఉందట. మరొకడికి గాయని తన గదిలోకి నడిచి వచ్చిందట. మా వాటిలాంటి నాలుగు ఓమ్‌ల స్పీకరుని అది మోయగలదా లేదా అని మాత్రం ఒక్కడూ రాయలేదు. విశేషణాలతో నాకేం పని?

వినకుండా కొనకూడదని మా ఆయన నియమం. ఆయన "వినకుండా" అనేవాడు కాదు, "అడక్కుండా" అనేవాడు. తరాలుగా మద్రాసులో ఉన్న కుటుంబం వాళ్ళది. అరవంలో వినడానికీ అడగడానికీ ఒకటే మాట కాబట్టి, వాళ్ళింటి తెలుగులోనూ రెండూ కలిసిపోయాయి. నాది తెనాలి. పెళ్ళైన కొత్తలో "పాట అడుగుదాం రా" అని పిలిస్తే, "ఎవరిని?" అన్నాను. ఆ సంగతి ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేవాడు.

మైలాపూరులో ఒక కొట్టుకి ఫోన్ చేశాను. నాకొచ్చిన అరవంలో, "కేట్కలామా?" అన్నాను. వినొచ్చా అని నా ఉద్దేశం.

"తారాళమా మేడం. కేట్టుట్టు వాంగుంగ."

నిరభ్యంతరంగా విని కొనుక్కోండి అన్నాడనుకున్నాను. మర్నాడు ఒక స్పీకరుని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, ఆ ట్రాఫిక్‌లో మైలాపూరు దాకా వెళ్ళాను. కొట్లో పైకప్పు దాకా అట్టపెట్టెలు. ఒక్క తీగ కలిపి లేదు.

"ఇదేంది మేడం?" అన్నాడు కొట్టాయన, దుప్పటి చూసి.

"స్పీకరు. దీనికి కలిపి వినిపించండి."

"సీలు తీస్తే మళ్ళీ ఎవరు కొంటారు?"

"కేట్టుట్టు వాంగుంగ అన్నారు మీరే."

"అవును, ఏం కావాలో అడగండి, చెప్తా. అడిగి కొనండి." నవ్వాడు. "మాదీ తెలుగే మేడం. సార్ రాలేదా? సార్‌ని పిల్చుకోని రండి, ఇదంతా వాళ్ళకి బాగా తెలుస్తాది."

"చనిపోయారు."

ఒక్క క్షణం తల దించుకున్నాడు. వెంటనే అన్నిటికన్నా పెద్ద పెట్టె మీద చెయ్యి వేశాడు. "అయితే ఇది తీసుకోండి. వంద వాట్లు. కళ్ళు మూసుకోని తీసుకోవచ్చు."

చెవులు ఎలాగూ మూయించాడు, ఇప్పుడు కళ్ళు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అడగమన్నారుగా. ఈ వంద వాట్లు ఎన్ని ఓమ్‌ల దగ్గర?"

"కంపెనీలో అడిగి చెప్తా."

"ఇప్పుడే అడగండి."

విసుక్కుంటూ ఫోన్‌లో దాని మాన్యువల్ తెరిచి ఇచ్చాడు. ఆరు ఓమ్‌లకి తగ్గిన స్పీకర్లు కలపరాదు అని స్పష్టంగా ఉంది. దుప్పటి తీసి మా స్పీకరు వెనక అచ్చువేసిన నాలుగు చూపించాను. అంత తక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుంది, లోపల వేడెక్కుతుంది. ఆ మాత్రం చదివే వచ్చాను.

"అదంతా ఎవరు చూస్తారు మేడం? ఆడాళ్ళు మీరు, సౌండు మెల్లగానే కదా పెట్టుకుంటారు!"

అప్పుడు అరిచాను. ఆసుపత్రిలో అరవలేదు. "ముందే తెచ్చుంటే బాగుండేది" అన్న డాక్టరు మీద అరవలేదు. కర్మలు జరిగిన పదమూడు రోజుల్లో ఎవరి మీదా గొంతు లేవలేదు. ఆ కొట్లో ఆరు అనే అంకె చూపించి అరిచాను. ఇయర్‌ఫోన్లు బేరమాడుతున్న ఇద్దరు బేరం ఆపి చూశారు. నాకు సిగ్గు వెయ్యలేదు.

ఆ తర్వాత ఒక్కొక్క పెట్టె మాన్యువల్ తెరిపించాను. కింది వరసలో, ఎవరూ అడగనట్టున్న ఒక చిన్న నల్ల ఆంప్లిఫయర్‌కి ఎనిమిది ఓమ్‌ల దగ్గర యాభై వాట్లు, నాలుగు దగ్గర ఎనభై అని రాసి ఉంది. ఇంకే గొప్పా చెప్పుకోలేదు. అదే తెచ్చుకున్నాను.

ఆదివారం మరిది తాడు పట్టుకుని వచ్చాడు. ఆటో వీధిలో నిలబడి ఉంది. మా ఆయన ఎప్పుడూ ముందుగా పెట్టే వీణ రికార్డింగే పెట్టాను.

ఇద్దరం నిలబడే విన్నాం. కింది తీగ మీటినప్పుడు ఇదివరకు ఆ నాదం గచ్చులోకి దిగి కాసేపు అక్కడే ఉండేది. ఇప్పుడు స్పష్టంగా వచ్చి, వెంటనే ఆగిపోతోంది.

"అన్న పెట్టినప్పటి మాదిరి లేదే వదినా."

"లేదు."

"తిరిగి తీసుకుంటారా?"

"తీసుకోరు. పాడుతోందా, లేదా?"

"పాడతా ఉంది."

"అయితే ఆటోని పంపించెయ్."

"యాభై మంది ఏడ కూర్చుంటారు?"

"ఈ రెండిటి మధ్య. ఇరుకైతే వరండాలో. అది కూడా ఇరుకనిపించినవాళ్ళు రావద్దు."

వెళ్ళి ఆటోని పంపించాడు. తిరిగొచ్చి, తాడు గుమ్మం పక్కన పడేసి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వీణ అయిపోయింది.

"ఇంకోటి అడుగుదామా వదినా?" అన్నాడు.

ఎవరిని అని నేను అనలేదు.