ఆ సైలెన్సర్ మూత తీసింది నేనే

తొమ్మిదేళ్లుగా ఒక చప్పుడును కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

నాకు మదనపల్లెలో వెల్డింగ్ షెడ్డు ఉంది. పుంగనూరు నుంచి ఒకతను కారు తెచ్చి, కావాలన్నప్పుడు గర్జించాలి, వద్దన్నప్పుడు నోరు మూసుకోవాలి, అలాంటి సైలెన్సర్ చేసిపెట్టమన్నాడు. అంతవరకు నన్నెవరూ అడగని పని. నెల రోజులు అదే నా లోకం. పాత సైలెన్సర్ డబ్బాను కోసి, పొగ నేరుగా బయటికి పోయేలా పక్కన ఇంకో గొట్టం అతికించాను. దాని నోటికి గుండ్రటి మూత పెట్టి, బైకు చోక్ కేబుల్‌తో స్టీరింగ్ కిందికి నాబ్ తెచ్చాను. నాబ్ ఎంత లాగితే మూత అంత తెరుచుకుంటుంది, మోత అంత పెరుగుతుంది. వేడెక్కితే మూత ఉబ్బి ఇరుక్కునేది. అంచును కాగితం మందాన అరగదీశాక ఆ జబ్బు కుదిరింది.

ఆ మధ్యాహ్నం నిమ్మనపల్లె రోడ్డులో ఒక్కడినే నడిపి చూడటానికి పోయాను. మూత మూసి ఉంది. కారు పోతున్న చప్పుడే లేదు. కారుకు ముందు, మా షెడ్డు ఎదుటి టీకొట్టుకు పాలు పోసే అక్క జెర్సీ ఆవును తోలుకుపోతోంది. నెత్తిన గడ్డిమోపు. మోపును ఒక చేత్తో పట్టుకుని, ఆవు తాడును రెండో మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. మా వైపు ఆడవాళ్లందరూ అలాగే నడుస్తారు.

ఆమెను చూడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. ఆవును చూశాను, తాడును చూశాను. అయినా ఎందుకు లాగాను? నెల రోజుల నా పనితనాన్ని ఒక్క మనిషైనా ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూడాలని, అది నేను చేసిందేనని ఎవరికైనా తెలియాలని అనిపించింది, అంతే. పక్కకు రాగానే నాబ్ పూర్తిగా లాగాను.

ఆవు ఒక్క దూకు దూకింది. తాడు ఊడలేదు. అక్కను కంకర మీద ఈడ్చుకుంటూ పోయి కంచె దగ్గర ఆగింది.

కారు దిగే ముందు నేను చేసిన మొదటి పని నాబ్ లోపలికి నెట్టడం. ఆమె దగ్గరికి పరిగెత్తింది ఆ తర్వాతే.

అదే కారులో ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో చేయి ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"పెద్ద సప్పుడు వచ్చెనప్పా. నువ్వు ఇన్లేదా?"

"లేదక్కా. నాకేం ఇనపడలేదు. ఆవే ఊరికే బెదిరింది."

ఆమె మొగుడు ఆసుపత్రికి వచ్చాడు. ఆమె మళ్లీ చప్పుడు మాటే ఎత్తింది. ఆయన బయటికి వచ్చి కారు వైపు చూశాడు. నేనే ఇంజన్ స్టార్ట్ చేసి వినిపించాను. ఎవరూ అడగకుండానే.

"ఆ బండికి సప్పుడే లేదు గదా! నీ చెవులు యాడ పెట్టుకోనుండావు?" అన్నాడు లోపలికి పోయి భార్యతో.



మణికట్టు విరిగింది. రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. బెదురు గొడ్డని ఆ ఆవును పుంగనూరు సంతలో అమ్మేశారు. పాలు పోయడం ఆగింది. సమయానికి ఆదుకున్న తమ్ముడినని నాకు పేరొచ్చింది. ఏ పండగ వచ్చినా అక్క నాకొక గిన్నెడు పాయసం పంపుతుంది. తింటాను. ఏ మొహంతో తింటానో నాకే తెలియదు.

అలాంటి సైలెన్సర్ మళ్లీ చేయలేదు. దాంతో ఏం ఒరిగింది? ఆమె చేతికేమైనా బాగైందా?

చేతికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉందని పోయిన నెల తెలిసింది. వాళ్ల గేటు విరిగితే అతికించడానికి వెళ్లాను. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. అక్క చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగి, నా మొహంలోకి చూసింది.

"హారన్ కొట్నాడా? నీకూ ఇనపడిందాప్పా?"

ఏ చప్పుడు విన్నా ఇలా పక్కవాళ్లను అడిగి గానీ నమ్మదట. ఆ ప్రమాదం నాటి నుంచీ అంతేనని ఆమె కోడలు నవ్వుతూ చెప్పింది. రోడ్డు మీదికి ఒంటరిగా పోదట.

"ఇనపడిందక్కా," అన్నాను. ఆమె మొహం తేటపడింది. మళ్లీ బియ్యంలోకి వంగింది. మిగిలిన మాట అక్కడే, అప్పుడే చెప్పాల్సింది. వెల్డింగ్ అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. దీంతో నా తప్పు తీరదు, తెలుసు. అయినా రాస్తుంటే గుండెల మీది బరువు కొద్దిగా జరిగినట్టుంది.

ఆ రోజు కూడా వినపడిందక్కా. నాకూ వినపడింది.