రాతి ఏనుగుల గది

అప్పుడు మా బిడ్డకు ఎనిమిదేళ్లు. మాటలు తక్కువ. ఏనుగు బొమ్మ ఎక్కడ కనబడ్డా సరే, అక్కడే కూర్చుని దాన్ని వేలితో నిమురుతుండె. ఆటిజం అని డాక్టర్ చెప్పిన్నాటి నుంచి మేము పెళ్లిళ్లకు గూడ పోవుడు బంద్ చేసినం. "ఎన్నాళ్లని ఇంట్ల పెట్టుకుంటం? ఒక్కసారి తోల్కపోదాం" అని మా ఆయనే పట్టుబట్టిండు. మిర్యాలగూడల ఆయన రైసుమిల్లు పనికి ఒకరోజు సెలవు పెట్టుకుంటే, సూర్యాపేటల ఉన్న చిన్న మ్యూజియానికి బస్సెక్కినం. గాడ పాత రాతి బొమ్మలున్నయని విన్నం.

లోపల అడుగు పెట్టినమో లేదో, ఒక బడి పిల్లలంతా ఒక్కసారే వచ్చిన్రు. ఆ హాల్ల ప్రతి మాటా మారుమోగబట్టింది. మా బిడ్డ చెవులు మూసుకుని నేల మీద పడి అరవబట్టింది. ఎవరో పెద్దమనిషి, "గారాబం ఎక్కువైతె గిట్లనే ఉంటది" అన్నడు. మా ఆయన తల దించుకున్నడు. నేను కొంగుతో బిడ్డ చెవులు కప్పి పక్కనే కూలబడ్డ.

టికెట్లిచ్చే ఆమె లేచి వచ్చింది. యాభై ఏళ్లుంటయి, కోదాడామె. బడి పిల్లల్ని పక్క గదికి పంపి, జుయ్యిమని మోగుతున్న ట్యూబులైటు ఆపేసి, మాకు కొంచెం ఎడంగా తనూ నేల మీదే కూర్చుంది. బిడ్డ ఊరుకున్నంక మెల్లగ అడిగింది.

"పాపకు ఏమంటే ఇష్టమమ్మా?"

"ఏనుగులంటే పాణం."

"మా దగ్గర ఒక గదినిండా ఉన్నాయి. వచ్చే మంగళవారం పొద్దున్నే రండి, గేటు తెరవకముందే. మా మ్యూజియం సారును నేను అడుగుతాను."

నా నంబరు తీసుకుని, ఆ సాయంత్రమే నా ఫోనుకు ఫొటోలు పంపింది: గేటు, మెట్లు, నవ్వుతున్న తన మొహం, వసారా, ఆఖరికి ఏనుగులు. వారమంతా బిడ్డ వాటినే వరసగ చూసుకుంది.

మంగళవారం మెట్ల దగ్గర బిడ్డ అరవలేదు. ఆమె మొహం చూసి ఆగింది, తర్వాత తనే ముందు నడిచింది. గది మూలన ఒక చాప పరిచి ఉంది. "అలిసిపోతే పడుకోవచ్చు" అన్నది ఆమె. బొమ్మల్ని ముట్టుకోవద్దు గద, అందుకని అదే రకం రాయి ముక్క ఒకటి పెరట్లకెల్లి తెచ్చి బిడ్డ చేతిల పెట్టింది. బిడ్డ దాన్ని నిమురుకుంట ఒక్కో ఏనుగునూ చూసి, చివరిదాని ముందు ఆగింది.

"తొండం లేదు."

ఆమె దగ్గరికి పోయి చూసి, "నిజమే! ఇన్నేళ్లున్నా నేనే చూసుకోలేదమ్మా" అని నవ్వింది. మా ఆయన మొహం అటు తిప్పుకున్నడు.

ఇట్ల ప్రతిసారీ తెరిచేటందుకు గూడ సారు ఒప్పుకున్నడు. నెలకొక పొద్దున అసొంటి పిల్లలకే తెరిచిన్రు. కోదాడకెల్లి ఒక తల్లీకొడుకు, సూర్యాపేటకెల్లి కవలపిల్లలతోని ఒక తాత వచ్చేటోళ్లు. చూసుడయినంక వసారాల అందరం డబ్బాలు విప్పుకునేది. పిల్లలు గునుస్తున్నా ఎవ్వరికీ సంజాయిషీ చెప్పుకునే పని లేకుండె. కవలపిల్లలల్ల ఒకడు పులిహోరల పల్లీలు ఏరుకుని తినేటోడు. వాళ్ల తాత తనవి గూడ వాడికే పెడుతుండె.

ఆమె రిటైరయి కోదాడకు పోయింది. ఆ నెలకొక పొద్దున మటుకు ఇంకా నడుస్తుంది. మా బిడ్డకిప్పుడు పందొమ్మిది. పోయిన నెల కొత్తగ వచ్చిన ఒక చిన్నపిల్ల గడప దగ్గర మొరాయిస్తే, మేం ఎవ్వరం చెప్పకుండనే మా బిడ్డ పోయి దాని పక్కన కూర్చుంది, కొంచెం ఎడంగ. వాళ్లిద్దరూ అట్ల ఎంతసేపున్నరో నేను టైం చూడలే.