పొడంపేటలో ఒక గోడ కోసం

కిందటి నెల పిల్లలతో ఒడిశాలోని పొడంపేట సముద్రపొడ్డుకి వెళ్లినప్పుడు, అలల కోతకి కూలిన ఇళ్ల దగ్గర ఫోన్‌తో బోలెడు ఫొటోలు తీశాను. ఆ ఊరి నూకమ్మ దగ్గరికొచ్చి, "ఫొటోలో మా ఇల్లు పడ్డాదా బాబూ? సూపించు" అంది. చూపించబోయి తల దించుకున్నాను. అన్నిట్లోనూ నవ్వుతూ మేమే. ఆవిడ గోడ మా తలల వెనక సగం తెగిపోయి మసకగా ఉంది.

ఆ గోడని సముద్రం ఇంకెన్నాళ్లు ఉంచుతుందో తెలియదు. అందుకే ఈ ఆదివారం కెమెరా, స్టాండు సర్దుకుని ఒక్కణ్నే బయల్దేరాను.

ఉదయం అయిదుంబావుకి బరంపురంలో గంజాం వైపు బస్సు ఎక్కాను. పక్క సీట్లో రొయ్యల వ్యాపారి నా స్టాండు చూసి, "పెళ్లికేటండీ?" అన్నాడు.

"గోడకండీ."

ఆయన కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. గంజాంలో దిగి ఇడ్లీ తిని, ఆటోలో పొడంపేట చేరేసరికి ఏడున్నర.

నూకమ్మ ఇప్పుడు ఒడ్డుకి దూరంగా కొత్త కాలనీలో ఉంటోంది. సంగతి చెప్పగానే నాతో పాత ఊరికి వచ్చింది. సముద్రం మూడు గోడలు తీసుకుపోగా మిగిలింది వంటింటి గోడ. దాని వెనకే సూర్యుడు. నేను స్టాండు బిగిస్తుంటే ఆపింది.

"ఇప్పుడేటి కనిపిస్తాది? గోడంతా సీకటే. సాయంత్రం నాను వండేటప్పుడు గుమ్మంలోంచి ఎండొచ్చి పొయ్యి మీద పడీది. మూడు దాటనీ."

ఇసుకలో కూర్చున్నాను. మధ్యాహ్నం ఆవిడే అన్నం, చేపల పులుసు తెచ్చిపెట్టింది. పొద్దున్న మాట్లాడుకున్న ఆటో రెండింటికి వచ్చేసరికి ఆకాశమంతా మబ్బు.

"ఇంకేటి తీస్తారు? ఎల్లిపోదారండి" అన్నాడు ఆటో అతను. అతన్ని పంపేశాను.

నాలుగింటికి మబ్బు విడింది. ఎండ ఏటవాలుగా గోడ మీదికి పాకింది. అంతవరకూ కనిపించని పొయ్యి మసి, ఉట్టి కొక్కెం, సున్నంలో వేళ్ల గుర్తులు తేలాయి. నూకమ్మని పక్కన నిలబడమన్నాను.

"నానెందుకు బాబూ? నన్ను ఎవులైనా తీస్తారు. పొయ్యి తియ్యి."

ఎవరో ఒకరిని నిలబెట్టకుండా ఫొటో తీయడం నాకు అలవాటు లేదు. అయినా ఆవిడ మాటే విన్నాను. ఊపిరి బిగబట్టి ఒక్కసారి నొక్కాను.

కెమెరా తెర మీద ఆవిడ చాలాసేపు చూసింది. "మా అత్త ఏసిన పొయ్యి" అంది నెమ్మదిగా. "పెద్దది సేసి తే. కొత్తింట్లో ఎట్టుకుంటాను."

చేపల బండిలో మెయిన్ రోడ్డు చేరి, అయిదున్నరకి తిరుగు బస్సు ఎక్కాను. అక్కడికి వెళ్లేవాళ్లు ఒక రోజంతా ఉంచుకోండి. ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు ఆగాలో ఆ ఇంటివాళ్లనే అడగండి. ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లినా నేను వచ్చినట్టు గుర్తుకే ఫొటోలు తీసుకున్నాను. ఇవాళే మొదటిసారి ఒక చోటుని చూసి వస్తున్నాను.

బస్సు ఛత్రపూర్ దాటకముందే బరంపురంలో తెలిసిన స్టూడియోకి ఫోన్ చేశాను. "రేపు పొద్దున్న స్టూడియో ఎన్నింటికి తెరుస్తారు? ఒక ఫొటో పెద్దది చేయించాలి."