మా అత్తగారు మైకు అందుకున్న సాయంత్రం

మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయిన ఏడాది మా అత్తగారు పోటీ చేశారు. తొంభైల చివరి సంగతి. నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. నామినేషను వేయించింది మావగారు. ఊరంతా తిరిగింది ఆయన తమ్ముడు, మా చినమావగారు. అత్తగారి వంతు పోస్టరులో నవ్వడం, అరుగు మీదికి కాఫీలు పంపడం.

పోలింగు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం చినమావగారు ఓటరు స్లిప్పులు పట్టుకుని, రొయ్యల షెడ్డులో పనిచేసే ఒకమ్మాయి ఇంటికి వెళ్ళారు. ఆమె భర్త మస్కట్‌లో ఉంటాడు. స్లిప్పు ఇస్తూ చెయ్యి పట్టుకుని లోపలికి లాగబోయారట. ఆమె విదిలించుకుని వీధిలోకి వచ్చి కేకలు వేసింది. దీపాలు పెట్టే వేళకు ఆ మాట మా అరుగు దాకా వచ్చింది.

“ఎదటోళ్ళు నేర్పించి పంపేరన్నయ్యా” అన్నారు చినమావగారు.

“రేపు మైకులో అదే చెప్పిద్దాం. మొగుడు ఊళ్ళో లేనిదాని మాట ఎవరు నమ్ముతారు?” అన్నారు మావగారు.

గుమ్మం పక్కన నిలబడి విన్న అత్తగారు తిన్నగా వంటింట్లోకి వచ్చారు. నేను వంకాయలు తరుగుతున్నాను.

“నిజం చెప్పమ్మా. మా మరిది నీతో ఎప్పుడైనా తేడాగా ఉన్నాడా?”

కత్తిపీట పక్కకి జరిపాను. “కాపరానికొచ్చిన కొత్తలో, ధాన్యం కొట్లో, నడుం మీద చెయ్యేసేరండీ. అప్పట్నుంచీ ఆయనుంటే నేను బయటికి రావట్లేదండీ.”

ఆవిడ పీట మీద కూలబడ్డారు. “నువ్వు సిగ్గరివనుకున్నానే తల్లీ” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు.

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళారు. ఆమె లోపలికి రమ్మనలేదు.

“ఓట్ల కోసం వచ్చేరాండీ?”

“ఓటు నీ ఇష్టమమ్మా. నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు. కేసు పెడతానంటే స్టేషనుకి నీ తోడు నేనొస్తాను. ఏం చెయ్యమంటావో చెప్పు.”

“కేసంటే ఇప్పుడు భయంగా ఉందండీ. నా పేరు మాత్రం మైకుల్లో ఎక్కకూడదండీ. మీవాళ్ళదైనా, ఎదటోళ్ళదైనా. మా ఆయనకి నా నోటితో నేనే చెప్పుకోవాలి. ఇంకోటండీ, నేను అబద్ధాలకోరుని కాదని ఊరికి తెలియాలి.”

“ఆయ్, అలాగేనమ్మా.”

అక్కణ్ణించి నేరుగా ఎదటి అభ్యర్థి ఇంటికి నడిచారు. ఆవిడ కూడా భర్త నిలబెట్టిన మనిషే. విషయమంతా విని, “ఈ సంగతి ఊరంతా చాటించడానికి మావాళ్ళు అప్పుడే మైకు ఆటో మాట్లాడేసేరండీ” అని నసిగింది. తర్వాత లోపలికి వెళ్ళి భర్తతో ఏం చెప్పిందో గానీ, ఆ ఆటో కొబ్బరి రేటు గురించి, రోడ్ల గురించి తప్ప మరోమాట పలకలేదు.

ఆ సాయంత్రం రైసుమిల్లు దగ్గర మా మీటింగు. మావగారు మాట్లాడుతుండగా అత్తగారు లేచి మైకు అందుకున్నారు. నమస్కారం పెట్టడం తప్ప జనం ముందు ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

“మా మరిది తప్పు చేసేడండీ. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఎవరూ నేర్పలేదు. ఇకమీద ఆయన నా తరఫున ఏ ఇంటికీ రాడు. వస్తే లోపలికి రానివ్వకండి. ఇందుకు మీరు నాకు ఓటెయ్యకపోయినా సరేనండీ.”

మగవాళ్ళలో గుసగుసలు లేచాయి. షెడ్డు ఆడవాళ్ళు కదలకుండా విన్నారు. చినమావగారు ఆ వారంలోనే రాజోలులో అత్తవారింటికి వెళ్ళిపోయారు.

మేం ఓడిపోయాం. మా చుట్టాలే చాలామంది మాకు వెయ్యలేదు. ఇంటి పరువు మైకులో పెట్టిందని మావగారు అత్తగారితో మాట్లాడడం మానేశారు. ఆవిడ వడ్డించేవారు, ఆయన తలెత్తకుండా తినేవారు. నాకు మాత్రం ఆ ఇంట్లో ఏ గదిలోకైనా భయం లేకుండా వెళ్ళడం అప్పుడే మొదలైంది.

వేసవిలో ఆ అమ్మాయి భర్త సెలవు మీద వచ్చాడు. ఇద్దరూ ఖర్జూరం పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

“ఫోనులో అంతా చెప్పిందండీ. మీరు దానికి తోడు నిలబడ్డారంట” అన్నాడతను, చేతులు జోడించి.

వాలుకుర్చీలో పేపరు చదువుతున్న మావగారు పేపరు మడిచి, లేచి లోపల్నుంచి రెండు కుర్చీలు తానే తెచ్చి వేశారు.

“కూర్చోండి” అని, అత్తగారి వైపు తిరిగి, “వీళ్ళకి కాఫీ ఇవ్వు” అన్నారు.

ఎన్నికల తర్వాత ఆయన ఆవిడతో అన్న మొదటి మాట అది.