రాయి తప్పు కాదు

నిన్న ఒక బత్తాయి తోట పక్కన బండి ఆపాను. చెట్లకు గంధకం పొడి కొడుతున్నారు. గాలికి కొంత నా చేతి మీద పడింది. ఆ పసుపు పొడిని వేళ్లతో రుద్ది వాసన చూసేసరికి జహంగీర్ సాబ్ గుర్తుకొచ్చారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఎమ్మెస్సీ అయ్యాక, మా చిట్యాల దగ్గరే ఖనిజాలను పరీక్షించే ఒక చిన్న ప్లాంటులో చేరాను. ఆయన అక్కడ ఫోర్‌మన్. పదో తరగతితో చదువు ఆగినా మాకందరికీ పని నేర్పింది ఆయనే. మా దగ్గరికి వచ్చే ఖనిజంలో రాగి, గంధకం కలిసి ఉండేవి. దాన్ని పొడిచేసి ఆమ్లంలో ఉడికిస్తే రాగి కరిగి బయటికి వస్తుంది. గంధకం మాత్రం రేణువుల మీద పొర కట్టి, లోపల మిగిలిన రాగికి ఆమ్లం తగలనివ్వదు. ఆ పొర తీయడమే మా పని. పొడిని నీళ్లలో కలిపి, గంధకానికి రేణువులు అంటకుండా కొంచెం మందు వేసి, మూత బిగించే పెద్ద పాత్రలో వేడిచేస్తాం. ఆ పాత్రను అందరూ కుక్కర్ అనేవారు. కరిగిన గంధకాన్ని కలుపుతూ నెమ్మదిగా చల్లారిస్తే గుండ్లు కడుతుంది. జల్లెడ పట్టి వేరుచేయవచ్చు.

ఒక శుక్రవారం "నూటముప్పై చాలు బిడ్డా" అని చెప్పి ఆయన నమాజుకు వెళ్లారు. వేడి పెంచితే పని తొందరగా అవుతుందని నేను నూటడెబ్బై పెట్టాను. ఆయన తిరిగొచ్చేసరికి కలిపే రెక్క ఆగిపోయి ఉంది. చల్లారాక మూత తీస్తే లోపల ఒకటే నల్లటి ముద్ద.

"ఎంత పెట్టినవు?"

చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఉలితో ముద్దను పగలగొట్టారు. మధ్యలో ఖనిజం మెరుస్తోంది. "గంధకం కరిగినంక పల్చగుంటది. ఇంకా కాగితే పాకం లెక్క ముదురుతది, అన్నిటిని పట్టుకుంటది. మీ అమ్మ అర్సెలు జేస్తది గద, ఎన్నడు పొయ్యికాడికి పోలేదా?"

గని వాళ్లు పంపిన నమూనాలో సగం అలా పోయింది. యజమాని మమ్మల్ని పిలిచారు. "రాయి బాగలేదని రాసి పంపుదాం. మన మీదికి మాట రాదు." ఆ మాట నమ్మితే వాళ్లు ఆ ఖనిజాన్ని వదిలేస్తారు. నిజం రాస్తే మా ఇద్దరి ఉద్యోగాలు పోవచ్చు. నేను తలదించుకున్నాను.

"రాయి ఏం జేసింది సార్? తప్పు మాది," అన్నారు జహంగీర్ సాబ్. "సగం ఉన్నది గద, చేసి చూపిస్తం."

"అది గూడ ఖరాబైతే?"

"ఇద్దరం ఇంటికి పోతం. బిడ్డది చిట్యాల, దగ్గర. నాది ఆత్మకూరు, జర దూరం."

యజమాని నవ్వలేదు. కానీ ఒప్పుకున్నారు.

బయటికి రాగానే ఆయన రిజిస్టరు నా ముందు పెట్టారు. 'వేడి నూటడెబ్బై పెట్టాను' అని రాసి సంతకం చేశాను. ఆయన పెన్ను తీసుకుని కింద మరో వాక్యం రాశారు: 'నంబరు చెప్పిన. ఎందుకో చెప్పలేదు. జహంగీర్.'

మర్నాడు కుక్కర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. వేడి చూపే ముల్లు కదిలినప్పుడల్లా లోపల ఏమవుతోందో చెప్పారు. సాయంత్రం జల్లెడ మీద శనగల్లాంటి గుండ్లు మిగిలాయి, నల్ల పొడి కిందికి దిగింది. దాన్ని మళ్లీ ఆమ్లంలో వేశాం. మరుసటి రోజుకు నీళ్లు చిక్కటి నీలానికి తిరిగాయి.

"సాబ్, రాగి దిగింది."

"కనబడ్తాంది. పరీక్ష జేసినంక చెప్పు."

పరీక్ష చేశాను. లోపల చిక్కిన రాగి దాదాపు అంతా బయటికి వచ్చింది. చెడిన ప్రయోగాన్నీ కుదిరిన ప్రయోగాన్నీ ఒకే రిపోర్టులో రాసి గని వాళ్లకు పంపాం, మా ఇద్దరి పేర్లతో. నా పేరు ఆయన పేరు పక్కన అచ్చయిన కాగితం అదొక్కటే. ఇప్పటికీ దాచుకున్నాను.

ఇప్పుడు నేనొక ల్యాబు నడుపుతున్నాను. ఈ ఉదయం కొత్తగా చేరిన అమ్మాయికి వేడి ఎంత పెట్టాలో చెప్పి బయల్దేరాను. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఎందుకో ఇంకా చెప్పలేదు.