మునిరత్నం కూర్చిన పేజీ

1956. మద్రాసు వాషర్‌మెన్‌పేటలో తెలుగు పాఠ్యపుస్తకాలు అచ్చేసే ఒక ప్రెస్సులో నేను ఫోర్‌మన్‌ని. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసల్లో కూర్చేవాళ్లను కంపోజిటర్లు అంటారు. మా కంపోజిటర్లలో మునిరత్నం చెయ్యి అందరికంటే వడి.

అంతకు రెండేళ్ల ముందు అతని ప్రూఫుల్లో, అంటే తప్పులు చూడ్డానికి తీసే అచ్చుకాగితాల్లో, రచయిత రాయని మాటలు రావడం మొదలైంది. ఒకసారి నదుల పాఠం మధ్యలో ‘వాళ్లు వస్తున్నారు, దాక్కో’ అని ఉంది. అడిగితే, "చెప్తా ఉండారు కదన్నా, నీకు వినపడలా?" అన్నాడు. వారం తిరగకముందే అక్షరాల గళ్లుండే టైపు కేసుల వెనక నక్కి బయటికి రానన్నాడు. అతని భార్య కాంతమ్మా నేనూ ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నారు. లేని గొంతులు వినిపిస్తాయట, లేని భయాలు నిజమనిపిస్తాయట.

ఏడాదిన్నర తర్వాత, కొత్తగా వచ్చిన మాత్రలు వేసుకుంటూ తిరిగొచ్చాడు. మనిషి లావెక్కాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. వాడిన అక్షరాలను తిరిగి గళ్లలో వేసే పని మాత్రమే ఇమ్మన్నారు యజమాని. నెల రోజులు అదే చేశాక నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఒక పేజీ ఇచ్చి చూడు. తప్పొస్తే నేనే ఈడ నిలబడను."

యజమానికి చెప్పకుండా ఇచ్చాను. తేడా వస్తే ఇద్దరికీ ఉద్యోగం ఉండదని తెలుసు. సగం పేజీలో అతని చెయ్యి ఆగిపోయింది. తల పక్కకి వంచాడు. దగ్గరికి వెళ్లాను.

"రత్నం, మళ్లీ వినపడతా ఉందా?"

"వినపడతానే ఉందన్నా. అది పోలా."

"మరి ఏం చేస్తా ఉండావు?"

"చెప్పేదంతా చెప్పనిస్తాను. తర్వాత కాపీ చూస్తాను. కాపీలో లేంది కూర్చను."

రచయిత రాతప్రతినే మేం కాపీ అంటాం. మునిరత్నం మళ్లీ పనిలోకి వంగాడు. ప్రతి వరుసనూ వేలితో తడిమి, కాపీతో సరిచూసి, తర్వాతి వరుసకు పోయాడు. ఒకప్పుడు గంటలో ముగించే పేజీకి పూటంతా పట్టింది. ప్రూఫు తీసి మూడుసార్లు చదివాను. ఒక్క తప్పు దొరకలేదు. దాన్ని యజమాని బల్ల మీద పెట్టి ఎవరు కూర్చారో చెప్పాను. ఆయన పేజీ అంతా చదివి తలూపారు.

సాయంత్రం ప్రెస్సు దగ్గరికొచ్చిన కాంతమ్మ అడిగింది. "అన్నా, ఆయనకి నయమైనట్టేనా?"

ఆ ఉదయం దాకా అయితే, గొంతులు ఆగితేనే నయమని చెప్పేవాణ్ణి.

"రేపట్నుంచి కూర్పు పనికే రమ్మన్నారమ్మా" అన్నాను.

చెవిలో ఎవరో విడవకుండా మాట్లాడుతుంటే, కళ్లెదుట ఉన్నదాన్నే నమ్మి ఒక పేజీ పూర్తి చేయడం ఎంతటి పనో ఇప్పటికీ నా ఊహకు అందదు. నా చెవుల్లో ఏ గొంతూ లేదు. అయినా ఫోర్‌మన్ కాకముందు నేను కూర్చిన పేజీల్లో తప్పులు దొర్లుతూనే ఉండేవి.