సముద్రానికి బయలుదేరి బోథ్ దగ్గర పప్పుగిన్నె దాకా

నేను సముద్రాన్ని ఒక్కసారే చూశాను, అదీ పదో తరగతి విహారయాత్రలో, ఒక సాయంత్రం గంటసేపు. అయినా ఈ ఏడాది నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు సముద్రం మీదే. గాలిలో పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసి సముద్రంలో దాచే పద్ధతుల గురించి. కరీంనగర్‌లో కూర్చుని సముద్రం గురించి ఏం రాస్తావని క్లాసులో అందరూ నవ్వారు. మా గైడ్ మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ పద్ధతుల్లో ఒకటి మన పొలాల్లోనే మొదలవుతుందని చెప్పారు. అగ్నిపర్వతాల లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాతిని పిండిలా దంచి పొలంలో చల్లుతారు. వాననీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ పొడితో కలిసి బైకార్బనేట్‌గా మారి నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ నీళ్లు వాగులోకి, వాగు నుంచి కడెం నదిలోకి, అక్కడి నుంచి గోదావరి వెంట బంగాళాఖాతంలోకి చేరతాయి. సముద్రం దాన్ని వేల ఏళ్లు తనలో ఉంచుకుంటుందని ఆశ. ఆదిలాబాద్ జిల్లా బోథ్ మండలంలో ఒక ఊళ్లో మే నెలలో ఒక కంపెనీ రైతులకు ఆ పొడిని ఉచితంగా పంచింది. పొడి పడకముందే, ఏప్రిల్‌లో, మేడమ్ అక్కడి బావి నీళ్లను పరీక్షించి పెట్టుకున్నారు. వానాకాలం పోయాక వెళ్లి మళ్లీ పరీక్షించడం నా పని.

బాపుకు ఇది మొదటి నుంచీ నచ్చలేదు. ఆయన కరీంనగర్ బయట ఒక గ్రానైట్ యూనిట్‌లో పాలిషింగ్ పని చేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తల దులిపితే రాతిపొడి రాలుతుంది. “పొడి పారవోయనీకె జాగ దొరక్క మావోళ్లే పరేషానైతరు. గసుంటిది ఫుకట్ల పంచుతున్నరంటే జర ఆలోచించు బిడ్డా” అన్నాడు. ఆలోచించాను. పన్నెండు ఖాళీ సీసాలు, నీటి పరీక్షకు వాడే చుక్కల మందు పెట్టె, ఒక నోట్‌బుక్ సంచిలో సర్దుకుని నవంబర్‌లో ఒక గురువారం ఉదయం ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో నిర్మల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి బస్సు ఖర్చు లేదు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నాలుగు గంటల ప్రయాణం. సోన్ దగ్గర వంతెన మీద గోదావరి దాటుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. నేను వెతుకుతున్న నీళ్లు ఇక్కడివి కావు. కడెం కలిసేది ఇంకా కిందికి. నిర్మల్‌లో నలభై రూపాయలకు ఇడ్లీ తిని ఆదిలాబాద్ బస్సెక్కి, ఘాట్ రోడ్డు ఎక్కి, నేరడిగొండ దాటాక బోథ్ క్రాస్‌రోడ్డులో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటోలో బోథ్‌కు ముప్పై రూపాయలు. బోథ్ నుంచి ఊరికి ఫయాజ్ భాయ్ ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ మూడు వందలు. ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని వాళ్లు అడిగారు.

సంచిలో సీసాల చప్పుడు విని, సర్వే కోసం వచ్చారా అని ఫయాజ్ భాయ్ అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగాడు. నీళ్ల పరీక్ష అన్నాను. తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే లసుంబాయి పరేషాన్‌లో ఉంది. బళ్లు తెరిచినప్పటి నుంచి ఆమె వండే పప్పు ఉడకడం లేదు. పిల్లలు పలుకులు ఏరి పక్కన పెడుతున్నారు. కట్టెలు మిగుల్చుకుంటోందని కొందరు, ఒళ్లు వంగడం లేదని కొందరు అంటున్నారు. హెడ్మాస్టర్ సారు ఈ నెలాఖరు దాకా చూసి వేరేవాళ్లను పెడతానన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్న పని అది. “గామె ఏమంటదంటే, కంపెనీ పొడి నీళ్లల్ల కలిసిందంటది. మీరు గా కంపెనీ మనిషేనా?” అన్నాడు. కాదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

పదకొండున్నరకు ఊరు చేరాం. పొడి చల్లిన రైతు పోశెట్టి పొలం బడి వెనకాలే, మేడమ్ ఏప్రిల్‌లో పరీక్షించిన బావి అందులోనిదే. పత్తి రెండో ఏరుడు నడుస్తోంది. పోశెట్టి నా కాలేజీ గుర్తింపు కార్డు తీసుకుని ముందు వెనక తిప్పి చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఎవరికో పంపి, అక్కడి నుంచి జవాబు వచ్చాకే కార్డు తిరిగిచ్చాడు. “మొన్నొకడు పొలం ఫొటోలు కొట్టుకపోయిండు. గిప్పుడు నువ్వు నీళ్లు కొట్టుకపోతున్నవ్. రేపటికి ఏం మిగులుతదో” అన్నాడు. పొడి చల్లాక పంటలో తేడా ఏమైనా ఉందా అని అడిగితే భుజాలెగరేశాడు. తర్వాత తనే ఒక ప్రశ్న అడిగాడు. “పీల్చుకున్న గాలిని కంపెనోళ్లు బయట దేశపోళ్లకు అమ్ముకుంటరట గదా. నా పొలం మీది గాలి నన్నడుగకుంట ఎట్లమ్ముతరు?” ఎంత కార్బన్ పట్టారో లెక్కకట్టి అమ్ముకునే కార్బన్ క్రెడిట్ల గురించి నాకు తెలిసినంత చెప్పాను. చెబుతూ ఉంటే నాకే సగం నమ్మశక్యంగా అనిపించలేదు. పొడితో పాటు కంపెనీ పంచిన కరపత్రంలో ‘ఇప్పటికే పీల్చుకున్న కార్బన్ సముద్రం చేరింది’ అని ఉంది. పత్తి మొక్క మొదట్లో వేలితో గీకితే నల్లపొడి ఇంకా గరుగ్గా, ఇప్పుడే పోసినట్టు తగిలింది. కరగని పొడి గాలిని ఎప్పుడు పట్టింది, ఎప్పుడు సముద్రానికి పంపింది?

బావిలో మూడు సీసాలు, వాగులో మూడు సీసాలు నింపుకుని ఒంటిగంటకు బడికి వెళ్లాను. వరండాలో పిల్లలు తింటున్నారు. హెడ్మాస్టర్ గరిటెతో పప్పు తీసి వేళ్ల మధ్య నలుపుతున్నాడు. ఎదురుగా లసుంబాయి కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది, యాభై ఏళ్ల మనిషి. నా సంచి చూడగానే సారును వదిలేసి నా వైపు తిరిగింది. వంటగదిలోకి పిలిచి, పప్పు వండే పెద్ద గిన్నెను ఎండలోకి వంచి లోపల చూపించింది. గిన్నె అంచు చుట్టూ గోటి మందాన తెల్లటి పెచ్చు కట్టి ఉంది. “గిదిగో మీ పొడి. పొలంల పోస్తే నా గిన్నెల తేలింది” అంది. పొడి నల్లది కదా, ఇది తెల్లగా ఉందేమిటని హెడ్మాస్టర్ అన్నాడు. “బొగ్గు నల్లగుంటది సారూ, కాలినంక బూడిద తెల్లగైతలేదా?” అని ఆమె తిప్పికొట్టింది.

ఆ పెచ్చు చూడగానే నాలో ఏం జరిగిందో నిజాయితీగా రాయాలి. నాకు సంతోషం వేసింది. వంటగదిలో ఉన్న నిమ్మచెక్క తీసుకుని పెచ్చు మీద పిండాను. బుసబుసమని నురగ వచ్చింది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడే. నీళ్లలో కరిగిన బైకార్బనేట్ కాగినప్పుడు సగం సున్నపు పెచ్చుగా గిన్నెకు అంటుకుంటుంది, సగం మళ్లీ గాలిలో కలిసిపోతుంది. పొడి పనిచేసిందేమో, దాని గుర్తు ఇక్కడే దొరికిందేమో అనుకున్నాను. ఆ వెంటనే, అదే నిజమైతే ఈ ఊరి నీళ్లు చెడ్డట్టే కదా అని తోచింది. నా ప్రాజెక్టు గెలవాలంటే లసుంబాయి చెప్పింది నిజం కావాలి. లసుంబాయి పని నిలవాలన్నా అంతే. ఇంత మంది అవసరానికి సరిపోయే నిజాన్ని చూస్తే నాకు అనుమానం వచ్చింది.

ఈ గిన్నెలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. నల్లా తిప్పి చూపించింది. జూన్‌లో బడికి కొత్త బోరు పడింది. అంతకుముందు పోశెట్టి బావి నుంచి ఆమె రోజూ ఆరు బిందెలు మోసేది. హెడ్మాస్టర్ రెండేళ్లు దరఖాస్తులు పెట్టి సాధించిన బోరు అది. నీళ్లు చల్లగా, తేటగా ఉంటాయి. పొడిని, వంటమనిషిని, నన్ను అనుమానించిన ఊళ్లో ఆ బోరును ఒక్కరూ అనుమానించలేదు. రెండు నీళ్లూ పక్కపక్కన పరీక్షిస్తానన్నాను. సారు ముఖం కొంచెం మాడింది, అయినా సరేనన్నాడు. లసుంబాయి నా చుక్కల మందు పెట్టెను చూసి తల అడ్డంగా ఊపింది. “గా రంగునీళ్లు నీ చేతిలున్నయి, ఎటంటే అటు మారుతయి. నా పప్పుకు రంగులు తెల్వయి. నేను వండుత, నువ్వు చూడు.”

అలా రెండు పరీక్షలు ఒకేసారి మొదలయ్యాయి, ఎవరి మీదా ఎవరికీ నమ్మకం లేకుండా. లసుంబాయి ఒకే బస్తాలోంచి ఒకే గ్లాసుతో కందిపప్పు కొలిచి రెండు గిన్నెల్లో పోసింది. బావి నీళ్లు సారు తెస్తే ఒప్పుకోనంది. పోశెట్టి తెచ్చాడు. గిన్నెలు మార్చకుండా సారు వాటి మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. నన్ను పొయ్యిలకు పది అడుగుల దూరంలో కూర్చోమన్నారు. రెండుంపావుకు మంట పెట్టింది. నేను కూర్చున్న చోటే నీళ్లలో చుక్కలు వేస్తూ ఎరుపు నీలంగా మారేదాకా లెక్కపెట్టాను. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే నీళ్లలో అంత ఎక్కువ సున్నం ఉన్నట్టు. బావి నీళ్లకు పదకొండు చుక్కలు. ఏప్రిల్‌లో మేడమ్ లెక్క కూడా పదకొండే. మూడుసార్లు చేస్తే ఒకసారి పన్నెండు వచ్చింది. ఆ ఒక్క చుక్క నా కొలతలో పొరపాటు కావచ్చు. బైకార్బనేట్ పరీక్షలోనూ ఏప్రిల్‌కూ ఇప్పటికీ తేడా లేదు. బోరు నీళ్లకు ముప్పై నాలుగు చుక్కలు పట్టాయి.

మూడు కావస్తుండగా లసుంబాయి బావి నీళ్ల గిన్నెలోంచి నాలుగు పలుకులు తీసి నలిపింది. వెన్నలా నలిగాయి. రెండో గిన్నెలోవి మూడున్నరకు కూడా పలుకు పలుకుగానే ఉన్నాయి. సారు రెండూ నోట్లో వేసుకుని నమిలాడు. పోశెట్టి మాత్రం, పొడి బోరులోకే దిగి ఉండొచ్చు కదా అన్నాడు. బోరుకు ముందటి లెక్క లేదు కాబట్టి దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. లసుంబాయి దగ్గర ఉంది. “పొలంలున్న బాయిని ఇడిసిపెట్టి రెండొందల ఫీట్ల లోపటికి దిగిందా నీ పొడి?” అని పొయ్యిలోని కట్టె వెనక్కి లాగి, మెల్లగా అంది. “మా అత్త ఉన్నప్పుడు చావడి కాడ చేతిబోరింగు ఉండె. గా నీళ్లు తాగేటోళ్లం. పప్పుకు మాత్రం బాయి నీళ్లే, అలగ్ బిందెల. మొండి నీళ్లల్ల పప్పు ఉడకదనేది ముసల్ది. బిందె మొయ్యుడు తప్పిందన్న సంబురంల యాదికే రాలే.” పుస్తకంలో దీన్ని కఠిన జలం అంటారు. నోట్‌బుక్‌లో ‘మొండి నీళ్లు’ అని దాని పక్కన రాసుకున్నాను. రెండోదే బాగుంది.

హెడ్మాస్టర్, పప్పు సంగతిలో లసుంబాయి తప్పేమీ లేదనీ, వేరేవాళ్లను పెట్టే మాట వదిలేస్తున్నాననీ అందరి ముందూ చెప్పాడు. రేపటి నుంచి పప్పుకు బావి నీళ్లే వాడమన్నాడు. ఆమె ముఖం వెలగలేదు. “తెచ్చుడెవరు సారూ?” అంది. చివరికి పోశెట్టి, తన పాత పైపు బడి గోడ దాకా వేస్తాననీ, పొద్దున అరగంట మోటరు నడుపుతాననీ అన్నాడు. “కని కాయితం మీద రాసియ్యుర్రి. రేపు మోటరు బడిదే అంటరు” అని కలిపాడు. సారు అక్కడే రాసి సంతకం పెట్టాడు. లసుంబాయికి చదవడం రాదు. కాయితం నా చేతికిచ్చి రెండుసార్లు చదివించుకుని, అప్పుడు గిన్నె కడగడానికి లేచింది.

నాలుగున్నరకు ఫయాజ్ భాయ్ ఆటోలో బోథ్, అక్కడి నుంచి నిర్మల్. నిర్మల్‌లో కరీంనగర్ బస్సు ఆరుంపావుకు దొరికింది. తర్వాతది ఎప్పుడో అక్కడెవరూ గట్టిగా చెప్పలేకపోయారు కాబట్టి మీరు వెళితే ఆరులోపే నిర్మల్ చేరుకోండి. దారంతా నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పొడి ఏ హానీ చేయలేదని నేను రుజువు చేయలేదు, మేలు చేసిందనీ రుజువు చేయలేదు. ఒక్క వానాకాలం చాలకపోవచ్చు, నా పదకొండు చుక్కల కొలత చాలకపోవచ్చు. కానీ సముద్రం చేరిందని కరపత్రం చెప్పే ఆ కార్బన్ ఆ పొలం గట్టు దాటినట్టు నాకు ఎక్కడా కనిపించలేదు. దాటినా దాని దారిలో కడెం ప్రాజెక్టు ఉంది, కాలువలున్నాయి, మోటర్లున్నాయి, కాగే గిన్నెలున్నాయి. వాటన్నిటి దగ్గరా ఎంత గాలి తిరిగి వెళ్లిపోతుందో ఎవరు లెక్క కడుతున్నారని బస్సులోంచే ఫోన్ చేసి మేడమ్‌ను అడిగాను. అదే నీ రెండో అధ్యాయం అన్నారు. ఇంట్లో బాపు అంతా విని, అయితే పొడి మంచిదా చెడ్డదా అని అడిగాడు. ఇంకా తెలియదన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చింది. ఇలాంటి పని మీద మీరూ ఏదైనా ఊరికి వెళుతుంటే ఒక్క మాట: సీసా మూత తీయకముందే వంట చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, పప్పుకు ఏ నీళ్లు పోస్తారో, ఆ నీళ్లు ఎవరు మోస్తారో అడగండి.